అమెరికా నాటకములందు గృహభారము వహించిన తల్లి

ఇరువదవ శతాబ్దపు అమెరికా నాటకసాహిత్యమును పరిశీలించినవారికి ఒక విషయము స్పష్టముగా గోచరించును. ఆ దేశపు ఉత్తమ నాటకములలో పెక్కింటికి రంగభూమి ఒక సామాన్య గృహము. వంటగది, భోజనపు బల్ల, చాలీచాలని పడకగదులు, కిటికీకి ఎదురుగా ఇటుకగోడలు: ఇంతకు మించిన ప్రపంచమును ఆ నాటకకర్తలు అరుదుగా కోరిరి. ఆ గృహములో తండ్రి ఓడిపోయినవాడో, పారిపోయినవాడో, మరణించినవాడో అయియుండును. సంతానము ఎగిరిపోవుటకు రెక్కలు విప్పుచుండును. ఈ రెంటి నడుమ నిలిచి ఇల్లు కూలకుండ పట్టుకొనియుండునది తల్లి.

ఈ తల్లిని మెచ్చుకొనుట సులభము. మాతృత్వమును దైవముగా భావించు సంప్రదాయమున పెరిగిన భారతీయ పాఠకునకు అది మరింత సులభము. కాని మెచ్చుకోలుతో తృప్తిచెందినచో ఆ నాటకములలోని అసలు ప్రశ్న చేజారిపోవును. ఆమె ఇంటిని దేనితో నిలబెట్టినది? అందుకు ఎవరు ఏమి మూల్యము చెల్లించిరి? ఈ రెండు ప్రశ్నలకును ఒక్కొక్క నాటకకర్త ఇచ్చిన సమాధానము ఒక్కొక్క విధముగ ఉన్నది. ఆ సమాధానములను వరుసగా చూచినపుడే ఈ పాత్ర యొక్క నిజస్వరూపము తెలియును.

1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల విపణి కూలిన పిమ్మట అమెరికాను ఘోరమైన ఆర్థికమాంద్యము ఆవరించెను. 1933 నాటికి ఆ దేశపు శ్రామికులలో దాదాపు నాలుగవ వంతు మందికి పని లేకుండెను. సంపాదనయే పురుషుని గౌరవమునకు ప్రమాణమని నమ్మిన సమాజమున ఈ విపత్తు కుటుంబపు అంతరంగమునే తాకినది. జీతము తెచ్చు చేయి వట్టిదైనపుడు, ఉన్నదానిని పంచిపెట్టు చేతికి అధికారము సంక్రమించుట సహజము. 1935 ఫిబ్రవరిలో గ్రూప్ థియేటర్ సమాజమువారు ప్రదర్శించిన క్లిఫర్డ్ ఓడెట్స్ నాటకము “అవేక్ అండ్ సింగ్” ఈ అధికారమార్పిడికి తొలి సమగ్రచిత్రము.

న్యూయార్కు నగరమున బ్రాంక్స్ ప్రాంతములోని ఒక యూదు కుటుంబమే ఈ నాటకమునకు వస్తువు. భర్త మైరన్ సాధువు, నిస్సహాయుడు. ముసలి తండ్రి జేకబ్ సామ్యవాద గ్రంథములను, గాయకుడు కరూసో పాడిన గ్రామఫోను రికార్డులను నమ్ముకొని కాలము వెళ్లబుచ్చుచుండును. కుమారుడు రాల్ఫ్ చిరుద్యోగి. కుమార్తె హెన్నీ వివాహము కాకయే గర్భవతి యగును. వీరందరినడుమ ఇంటిని నడపునది బెస్సీ బెర్గర్. ఆమె కుమార్తెను ఒక అమాయకునకు నిజము చెప్పక కట్టబెట్టును. దిక్కులేని పిల్లను ప్రేమించినాడని కుమారుని నిరోధించును. కోపమున తండ్రి రికార్డులను పగులగొట్టును. ఆ ముసలివాడు మేడమీదనుండి పడి మరణించినపుడు, మనుమని పేర వ్రాసిన మూడువేల డాలర్ల భీమా సొమ్మును కూడ ఇంటి అవసరమునకు మళ్లింప జూచును.

ఇంత చేసిన స్త్రీని రాక్షసి యని తీసివేయుటకు ఓడెట్స్ అంగీకరింపలేదు. నాటకారంభముననే ఆమె ఒక వార్త చెప్పును: దగ్గర వీధిలో అద్దె చెల్లింపలేని కుటుంబమును వెళ్లగొట్టిరి, సామానంతయు కాలిబాటపై పడియున్నది, ఆ సామాను నడుమ తల నెరసిన ముసలమ్మ యొకతె యున్నది. ఆ దృశ్యము బెస్సీ మనస్సునుండి క్షణకాలమైనను తొలగిపోదు. ఆమె క్రౌర్యమునకు మూలము ఆ భయము. తానీ ఇంటికి తల్లియే గాక తండ్రియు కావలసివచ్చినదని ఆమె సమర్థించుకొనునపుడు ప్రేక్షకునకు జవాబు దొరకదు. తుదకు హెన్నీ భర్తను, బిడ్డను విడిచి ప్రియునితో వెళ్లిపోవును. రాల్ఫ్ భీమా సొమ్మును తల్లికే వదలి, తన జీవితము తాను నిర్మించుకొందునని పలుకును. ఇల్లు నిలిచినది గాని అందులో ఉండదగినవారు మనసున ఎప్పుడో వెళ్లిపోయిరి. ఈ వైరుధ్యమును ఓడెట్స్ ఏ తీర్పుతోను కప్పిపుచ్చలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన స్వరము జాన్ వాన్ డ్రూటెన్ రచించిన “ఐ రిమెంబర్ మామా” అను నాటకమున వినిపించును. కాత్రిన్ ఫోర్బ్స్ కథలను ఆధారముగ గొని వ్రాసిన ఈ నాటకము 1944 అక్టోబరులో న్యూయార్కున ప్రదర్శింపబడెను. 1910 ప్రాంతమున సాన్‌ఫ్రాన్సిస్కో నగరములో స్థిరపడిన నార్వే దేశపు కుటుంబకథ యిది. ప్రతి శనివారము రాత్రియు తల్లి వంటగది బల్లపై భర్త జీతపు నాణెములను కుప్పలుగా పేర్చును: ఇంటియజమానికి ఇంత, కిరాణావానికి ఇంత, పిల్ల చెప్పులకు అడుగులు వేయించుటకు ఇంత. కుమారుని ఉన్నతపాఠశాల చదువునకు సొమ్ము తక్కువైనపుడు తండ్రి పొగాకు మానును, కుమారుడు అంగడిలో పనికి ఒప్పుకొనును, కుమార్తె పొరుగువారి బిడ్డల నాడించుటకు సిద్ధపడును. అందరు చేతులు కలిపినచో బ్యాంకులోని సొమ్ము ముట్టవలసిన అవసరము రాదు. ఆ బ్యాంకు ఖాతాయే పిల్లల ధైర్యము.

చివరకు పెద్దకుమార్తె కాత్రిన్ రచయిత్రియై తొలి కథకు అయిదువందల డాలర్లు సంపాదించి, ఆ సొమ్మును తల్లి ఖాతాలో జమచేయుమనును. అపుడు తల్లి నిజము చెప్పును. ఖాతా ఏనాడును లేదు. ఆమె జీవితములో బ్యాంకు గడప తొక్కి యెరుగదు. పిల్లలు భయముతో పెరుగరాదని ఇన్నాళ్లును ఆ మాట చెప్పినది. బెస్సీ భయమును ఇల్లంతయు పంచిపెట్టినది. ఈ తల్లి భయమునంతటిని తానే మ్రింగినది. ఈ నాటకము జ్ఞాపకపు తీపితో నిండినదని, దారిద్ర్యపు కరకుదనమును మెత్తబరచినదని విమర్శించుటకు అవకాశము లేకపోలేదు. అయినను ఆ శనివారపు లెక్క అమెరికా రంగస్థలముపై ఒక శాశ్వతదృశ్యమైనది. తల్లి ప్రేమను వర్ణనలతో గాక నాణెములతో చూపవచ్చునని అది నిరూపించినది.

ఆ సంవత్సరమే డిసెంబరు 26వ తేదీన షికాగో నగరమున టెన్నెసీ విలియమ్స్ నాటకము “ది గ్లాస్ మెనాజరీ” తొలిసారి ప్రదర్శింపబడెను. గాజుతో చేసిన చిన్నచిన్న జంతువుల బొమ్మల పేరిట వెలసిన ఈ నాటకమున తల్లి పేరు అమాండా వింగ్‌ఫీల్డ్. సెయింట్ లూయిస్ నగరములోని ఇరుకు వాటా ఆమె నివాసము. టెలిఫోను సంస్థలో పనిచేసిన భర్త దూరదేశముల మోజులో పడి ఇల్లు విడిచి పదునారేండ్లయినది. గోడపై చిరునవ్వుతో నిలిచిన అతని చిత్తరువు మాత్రము మిగిలినది. కుమారుడు టామ్ చెప్పుల గిడ్డంగిలో గుమాస్తా. నెలకు అరువదియైదు డాలర్ల జీతగాడు. రాత్రులు సినిమాలకు పోవు కవి. కుమార్తె లారా కుంటిది, బిడియస్తురాలు, గాజుబొమ్మలే లోకమైనది.

అమాండా మాటకారి. తన కన్యాదశలో ఒక్కనాడే పదునేడుగురు యువకులు తన్ను చూడవచ్చిరన్న కథను ఆమె ఎన్నిసార్లయినను చెప్పగలదు. ఆ మాటలు విని ప్రేక్షకుడు నవ్వును. కాని అదే అమాండా టెలిఫోను చేతబట్టి, పరిచయమున్న స్త్రీల నొక్కొక్కరిని పిలిచి, పత్రికకు చందాదారులుగా చేరుడని వేడుకొను ఘట్టము వచ్చినపుడు నవ్వు ఆగిపోవును. కుమార్తె టైపు నేర్చుకొనుటకు ఆమె కట్టిన యాబది డాలర్లు వ్యర్థమైనవి. ఇక మిగిలిన దారి వివాహము. ఆ వివాహమునకు ముందు ఇంటికొక కొత్త దీపము, కొత్త తెరలు కావలెను. ఆ ఖర్చుకై ఆమె అభిమానమును అమ్ముకొనుచున్నది. ఇటు కుమారుడు విద్యుచ్ఛక్తి బిల్లు సొమ్మును నావికుల సంఘమునకు చందాగా కట్టివేయును. అతిథి వచ్చిన రాత్రియే దీపములు ఆరిపోవును. వచ్చిన యువకునకు వేరొక పిల్లతో వివాహము నిశ్చయమై యున్నదని తేలును.

ఈ కథను చెప్పుచున్నవాడు ఇల్లు విడిచి పారిపోయిన టామ్. ఇది ఈ నాటకపు కీలకము. తల్లి చెప్పునదంతయు కుమారుని జ్ఞాపకమునుండి వినవచ్చుచున్నది. ఆమె సుద్దులు, సణుగుడు, గద్దింపులు అతని చెవులకు వినిపించినట్లే ప్రేక్షకునకు వినిపించును. చివరి దృశ్యమున మాత్రము విలియమ్స్ ఒక అద్భుతమైన ఏర్పాటు చేసెను. తల్లి కుమార్తె నోదార్చుచుండగా ఆమె మాట వినబడదు. చేష్టలు మాత్రమే కనబడును. మాట ఆగినంతనే ఆమెలోని హాస్యాస్పదత్వము తొలగి, గాంభీర్యము ప్రకాశింపవలెనని నాటకకర్త సూచన. కుమారుని చెవి చేసిన అన్యాయమును అతని కన్ను సరిదిద్దినది. విలియమ్స్ స్వజీవితము ఈ నాటకమున దాగియున్నదన్నది జగద్విదితము. ఆ నాటకపు రాబడిలో సగభాగమును అతడు తన తల్లి ఎడ్వీనాకు వ్రాసియిచ్చెను. రంగముపై తీర్చలేని ఋణమును రంగము వెలుపల తీర్చజూచిన కుమారు డాతడు.

ఆర్థర్ మిల్లర్ నాటకములలో ఈ లెక్క ఇంకను కఠినమగును. 1949 ఫిబ్రవరిలో ప్రదర్శితమైన “డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్” నందు లిండా లోమన్ భర్తకు నెలబిల్లులు చదివి వినిపించు ఘట్టము చిన్నది. శీతలయంత్రమునకు పదునారు డాలర్లు, బట్టలుతుకు యంత్రమునకు తొమ్మిది డాలర్ల అరువది సెంట్లు, చెత్త పీల్చు యంత్రమునకు మూడున్నర, ఇంటికప్పు మరమ్మతునకు ఇరువదియొకటి. ఇట్లు కూడగా పదునైదవ తేదీలోపల దాదాపు నూటయిరువది డాలర్లు కావలెను. వాయిదాలు తీరులోపల వస్తువులు అరిగిపోవుచున్నవి. విల్లీ లోమన్ అను మనుష్యుడును అట్లే అరిగిపోయినాడు. ఈ సామ్యమును మిల్లర్ ఒక ఉపన్యాసముగా చెప్పింపలేదు. ఇల్లాలి నోట ఒక ఖర్చుపట్టికగా పలికించినాడు.

లిండాకు అన్నియు తెలియును. భర్త తెచ్చు వారపు సొమ్ము జీతము కాదని, పొరుగువాడు చార్లీ ఇచ్చిన అప్పని తెలియును. నేలమాళిగలో భర్త ఆత్మహత్యకై దాచిన రబ్బరు గొట్టము సంగతియు తెలియును. ప్రతిదినము ఆమె దానిని తీసివేసి, అతడు ఇంటికి వచ్చుసరికి మరల యథాస్థానమున పెట్టును. భర్త ప్రాణముకంటె అతని అభిమానము సున్నితమైనదని ఆమె ఎంచినది. ఇందులో ప్రేమ ఎంత గలదో ప్రమాదమును అంత గలదు. ఆమె మౌనమే విల్లీ భ్రమలకు పోషణమైనదని పెక్కుమంది విమర్శకులు అభిప్రాయపడిరి. ఆ అభిప్రాయము నిరాధారము కాదు. కాని కుమారులిరువురును తండ్రిని తృణీకరించినపుడు, అతడు గొప్పవాడు కాకపోయినను మనుష్యుడు గదా, అతని దుఃఖమును గమనింపవలసిన బాధ్యత మీకు లేదా యని నిలదీసినది ఆమె యొక్కతెయే. ఆ నిలదీత లేనిచో నాటకమునకు నైతికబలమే లేదు. భర్త మరణించిన పిమ్మట, ఇంటి ఋణపు చివరి వాయిదా నాటితో తీరినదని ఆమె సమాధియొద్ద చెప్పుకొనును. ఋణము తీరిన ఇంటిలో ఉండుటకు ఎవరును లేరు.

అంతకు రెండేండ్ల ముందు, 1947లో వెలువడిన “ఆల్ మై సన్స్” నాటకమున మిల్లర్ ఇంతకంటె భయంకరమైన తల్లిని చిత్రించెను. కేట్ కెల్లర్ యుద్ధమున అదృశ్యుడైన కుమారుడు బ్రతికియే యున్నాడని పట్టుపట్టును. పగుళ్లున్న యంత్రభాగములను విమానములకై పంపి ఇరువదియొక్కమంది వైమానికుల మృతికి కారకుడైనవాడు ఆమె భర్త. కుమారుడు మరణించినాడని ఒప్పుకొనినచో అతని తండ్రియే చంపినాడని ఒప్పుకొనవలసివచ్చును. కాబట్టి ఆమె ఆశ మాతృహృదయపు అమాయకత్వము కాదు. ఇంటి గోడలను నిలిపియుంచిన అబద్ధము. ఒక తల్లి తన ఇంటిని కాపాడుకొనుట ఇతరుల ఇండ్లకు ద్రోహమగునా యను ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన నాటకము అమెరికాలో మరియొకటి అరుదు.

ఇచ్చట ఒక చారిత్రకసత్యమును గమనింపవలెను. అమెరికా సమాజము ఈ కాలముననే తల్లిని దోషిగా నిలబెట్టుట ఆరంభించినది. 1926లోనే సిడ్నీ హోవర్డ్ “ది సిల్వర్ కార్డ్” అను నాటకమున కుమారులను తన కొంగున కట్టివేసికొనిన తల్లిని చిత్రించెను. 1942లో ఫిలిప్ వైలీ తన “జెనరేషన్ ఆఫ్ వైపర్స్” గ్రంథమున అమెరికా పురుషుని పతనమునకు అతని తల్లియే కారణమని తీవ్రముగా దూషించెను. ఈ వాదమునకు అత్యంత గంభీరమైన ప్రత్యుత్తరము యూజీన్ ఓనీల్ రచనలో లభించినది. 1956లో, రచయిత మరణానంతరము వెలువడిన “లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్” నందలి మేరీ టైరన్ మార్ఫియాకు బానిసయైన తల్లి. ఆమె ఇంటిని నిలుపలేదు. చివరి కాన్పునాడు లోభియైన భర్త పిలిపించిన చౌకబారు వైద్యుడు నొప్పికి ఇచ్చిన మందే ఆమె పాలిట శాపమైనది. నటుడైన భర్త వెంట హోటళ్లలో తిరిగి, తనదియను ఇల్లు ఏనాడును లేక ఆమె తపించినది. తల్లి కూలిపోగా భర్తయు ఇరువురు కుమారులును దిక్కుతోచనివారగుదురు. నిలబడిన తల్లి విలువ ఎట్టిదో పడిపోయిన తల్లి ద్వారమున ఓనీల్ చూపెను; ఆమె ఎందుకు పడిపోయినదో కూడ దాచలేదు.

ఈ పరంపరలో పెద్ద మలుపు 1959 మార్చి 11వ తేదీన వచ్చినది. ఆనాడు న్యూయార్కు నగరపు బ్రాడ్వే రంగస్థలమున లోరెయిన్ హాన్స్‌బెర్రీ నాటకము “ఎ రైజిన్ ఇన్ ది సన్” ప్రదర్శింపబడెను. నల్లజాతి స్త్రీ రచించిన నాటకము బ్రాడ్వేకు ఎక్కుట అదియే ప్రథమము. రచయిత్రికి అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు. దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్. తల్లి లీనా యంగర్ పాత్రధారిణి క్లాడియా మెక్నీల్. కుమారుడు వాల్టర్ లీ పాత్రధారి సిడ్నీ పోయిటియర్. ఆ సంవత్సరపు న్యూయార్కు నాటకవిమర్శకుల బహుమానము ఆ నాటకమునకే లభించెను.

షికాగో దక్షిణభాగమున ఇరుకు వాటాలో మూడు తరములు కాపురమున్నవి. లీనా భర్త కాయకష్టము చేసి చేసి మరణించినాడు. అతని భీమా పదివేల డాలర్లు రానున్నవి. సారాయి అంగడి పెట్టవలెనని వాల్టర్ కల. వైద్యవిద్య చదువవలెనని కుమార్తె బెనీథా కోరిక. ఎండ తగులు ఇల్లు కావలెనని కోడలు రూత్ ఆశ. లీనా మూడువేల అయిదువందలు కట్టి శ్వేతజాతివారి పేటలో ఇల్లు కొనును. అంతవరకు ఆమె పూర్వపు తల్లులకు సోదరియే. కుమార్తె దైవమును నిరాకరించినపుడు ఆమె చెంపపై కొట్టిన చేయి బెస్సీ బెర్గర్ చేతికి దూరమైనది కాదు.

కాని ఆ పిమ్మట హాన్స్‌బెర్రీ ఆమెచేత చేయించినది ఇంతకుముందు ఏ తల్లియు చేయలేదు. తన నిర్ణయమువలన కుమారుడు కుమిలిపోవుచున్నాడని గ్రహించి, లోకము నీకు చేసిన అపచారమునే నేనును చేసితినని ఆమె అతనితో ఒప్పుకొనును. మిగిలిన ఆరువేల అయిదువందల డాలర్లు అతని చేతిలో పెట్టి, మూడువేలు చెల్లెలి చదువునకు ఉంచి తక్కినది నీ యిష్టము, ఇక ఇంటికి పెద్దవు నీవే యనును. తాళపుచెవి చేతులు మారినది. వాల్టర్ ఆ సొమ్మంతయు నమ్మిన స్నేహితుని మోసమునకు గురియై పోగొట్టును. లౌకికదృష్టితో చూచినచో లీనా చేసినది తప్పిదము. నాటకదృష్టితో చూచినచో అదియే పరమార్థము. శ్వేతజాతి గృహస్థుల ప్రతినిధి లిండ్నర్ తమ పేటకు రావద్దని సొమ్ము చూపినపుడు, ఆ సొమ్ము గ్రహించుటకు వాల్టర్ సిద్ధపడును. తల్లి అతనిని వారింపదు. నీ కుమారుడు చూచుచుండగా నీవు చేయదలచినది చేయుమని, బాలుడు ట్రావిస్‌ను అచ్చటనే నిలిపియుంచును. వాల్టర్ తన కుమారుని ముఖము చూచి, సొమ్ము నిరాకరించును.

తల్లి పట్టు విడిచినపుడే ఈ కుటుంబము నిలిచినది. కథ చివర లీనా కిటికీలో ఎండ చాలక వాడిన చిన్నమొక్కను వెంటగొని బయలుదేరును. ఎదుట శుభము లేదు. ద్వేషముతో నిండిన పేట యున్నది. రచయిత్రికి అది స్వానుభవము. ఆమె తండ్రి కార్ల్ హాన్స్‌బెర్రీ 1937లో షికాగోలో అట్టి పేటయందే ఇల్లు కొనగా తలెత్తిన వ్యాజ్యము అమెరికా సర్వోన్నతన్యాయస్థానము వరకు పోయి 1940లో అతని పక్షమున తీర్పు వెలువడెను. వ్యాజ్యమునకై తండ్రి దూరమున తిరుగుచుండగా, రాత్రులందు పిస్తోలు చేతబట్టి బిడ్డలను కాపాడిన తల్లిని హాన్స్‌బెర్రీ కన్నులార చూచినది. లీనాను ఓర్పే స్వభావముగా గల వృద్ధదాసీగా పరిగణించినవారు ఈ చరిత్రను విస్మరించిరి. ఆ మొక్కను మోయుచున్న చేయి భీరువు చేయి కాదు. అయినను ఈ నాటకమున లీనా తన కొరకు కోరినదేమో వెదకినచో, ఒక చిన్న తోట తప్ప మరేమియు దొరకదు.

ఆ కొరతను తీర్చినవాడు ఆగస్ట్ విల్సన్. 1987లో బ్రాడ్వేకు వచ్చి పులిట్జర్ బహుమానము పొందిన “ఫెన్సెస్” నాటకము 1957 నాటి పిట్స్‌బర్గు నగరమున నడచును. చెత్తబండి కార్మికుడు ట్రాయ్ మాక్సన్ మరియొక స్త్రీవలన బిడ్డను కని, తన బ్రతుకు ఒకేచోట నిలిచిపోయినదని భార్యకు సంజాయిషీ చెప్పును. రోజ్ అందుకు బదులు చెప్పును: ఆ పదునెనిమిదేండ్లును తాను కూడ ఆ చోటనే నిలిచియుంటిననియు, తనకును కోరికలుండెననియు, వానినన్నిటిని అతనియందే పాతిపెట్టితిననియు ఆమె చెప్పును. ప్రసవమున మరణించిన సవతి బిడ్డను తెచ్చి అతడు చేతికిచ్చినపుడు, ఈ శిశువునకు నేడు తల్లి దొరికినది, నీకు మాత్రము భార్య లేదని తేల్చును. ఆమె ఇంటిని నిలిపినది. కాని దేనిని ఇచ్చునో దేనిని ఇవ్వదో తానే నిర్ణయించినది. లిండా నోట రానిమాట రోజ్ నోట వచ్చుటకు దాదాపు నలువదేండ్లు పట్టినది.

ఈ నాటకములను కలిపి చూచినపుడు ఒక క్రమము కనిపించుచున్నది. తొలి తల్లులు తమ ఇండ్లను అబద్ధముతో నిలిపిరి. లేని బ్యాంకు ఖాతా, యథాస్థానమున పెట్టిన రబ్బరు గొట్టము, మరణింపని కుమారుడు, మోసముతో చేసిన పెండ్లి: ఇవి గుణములో భిన్నములైనను ధర్మములో ఒక్కటియే. సొమ్ము చాలనిచోట సత్యమును ఖర్చుపెట్టవలసివచ్చినది. ఆ ఖర్చును వ్రాసిపెట్టినవారు ఎక్కువగా సంతానమే. టామ్ వలె అపరాధబుద్ధితోనో, కాత్రిన్ వలె కృతజ్ఞతతోనో వారు తల్లి కథ చెప్పిరి. తల్లి తన కథ తాను చెప్పుకొనుట అరుదు. హాన్స్‌బెర్రీ తల్లిచేత తప్పు ఒప్పించి, విల్సన్ తల్లిచేత తన నష్టమును లెక్కింపజేసి, ఆమెను స్మృతివిగ్రహపు పీఠమునుండి దింపిరి.

కుటుంబమును నిలిపిన తల్లికి నమస్కరించుట ఏ దేశసాహిత్యమునకైనను కష్టము కాదు. ఆమె నిలిపినది ఏమి, ఆమెకు మిగిలినది ఏమి యని అడుగుటయే కష్టము. శనివారము రాత్రి పేర్చిన నాణెముల కుప్పలలో ఇంటియజమానికి, కిరాణావానికి, పిల్లల చెప్పులకు వాటా యుండెను. ఆ బల్లయొద్ద కూర్చుండి లెక్కించిన స్త్రీ పేర ఒక కుప్పయు లేదు. అమెరికా నాటకము ఆ లోపమును గుర్తించిన మేరకే గొప్పదైనది. గుర్తింపనిచోట, ఎంత కన్నీరు తెప్పించినను, అది కుమారుని ఓదార్పుగానే మిగిలిపోయినది.